జానెడు తాడు

కొత్తవాడల జంపఖానాలు నేసే బైరి మార్కండేయ
తెగిన పడుగు పోగులు ఏరి పేనిచ్చిన తాడు ఇది.
జానెడే.
ఒక కొస కౌసల్య చేతికి, ఒక కొస నా చేతికి.
"మగ్గం మీద తెగితే నేను ముడేస్త,
ట్రాకు మీద తెగితే మీరే చూసుకోన్రి" అన్నడు.
చూసుకోన్రి అన్న మాటకు
ముందుగాల నవ్వింది ఆయన బిడ్డనే.

ఎంజీఎం దవాఖానల సదరం క్యాంపు నాడు
డాక్టరు కాయితం మీద వంద శాతం అని రాసిండు.
"బడిల ఎన్నడు రాలే గిన్ని మార్కులు,
యాకయ్యా, ఫ్రేము కట్టియ్యరాదు!"

హన్మకొండ స్టేడియంల అప్పుడు ఎర్రమట్టి ట్రాకే.
మలుపు నేను చెప్పకముందే ఆమె చెప్పేది:
మిర్చి లారీలు పోయే రోడ్డు దిక్కు ముక్కు మండితే మొదటిది,
ఇడ్లీ బండి ఆవిరి తగిలితే రెండోది.
మిర్చి సీజను అయిపోయినంక
వారం దినాలు ఆమెకు ఆ మైదానం కొత్త.

లైను మీద నిలబడితే కండ్లకు గంతలు కట్టాలె, అదొక రూలు.
"చీకటికి మల్ల చీకటి కట్టుడేంది సార్?"
ఆయన పుస్తకం తిరగేసిండు. జవాబు దొరకలే.

ఇంకో రూలు నా కోసం రాసిండ్రు:
ఆమెకన్న ముందు నేను గీత దాటొద్దు.
ఏడేండ్లు,
గెలిచే తాకతు కాళ్ళల్ల పెట్టుకొని
ఒక్క అడుగు ఎన్క ఓడిపోయిన.
నీకేమిస్తరురా అని మా అమ్మ అడిగేది.
బూట్లు, అని చెప్పిన.

ఉరుకుడొక్కటే అనుకున్న నేను. ఆమె అనుకోలే.
ఒక చలికాలం జూడో పట్టింది.
అండ్ల ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నంకనే ఆట మొదలు.
"గిది మర్యాదున్న కొట్లాట" అన్నది,
భుజం జారి కట్టు కట్టించుకున్న రాత్రి.
తర్వాత గజ్జెల బంతి.
బంతి ఆమెకు వినపడాలని
హాలు నిండ జనం ఊపిరి బిగబట్టుకుంటరు.
ఇరవై మగ్గాల మోత నడుమ పెరిగిన పిల్ల,
ఆ నిశ్శబ్దం నోట్లె వేసుకుంటే తియ్యగున్నదన్నది.

సముద్రం అవతలి ఊర్లె వంద మీటర్లు. నాలుగో స్థానం.
సెకండును వంద పాళ్ళు చేస్తే అండ్ల ఏడు పాళ్ళ తేడా.
ఎంతనో చూపిద్దామని చిటికేసిన.
చిటికె పొడుగైంది.

చీకటిని జయించిన అని పేపరోళ్ళు రాసిండ్రు.
చదివి వినిపిస్తుంటే ఆపమన్నది.
"చీకటి నాకు పాలోళ్ళా, కొట్లాడనీకి?
నేను కొట్లాడింది పక్క లైను పిల్లతోటి.
నా టైం రాసిండ్రా, లేదా?"
రాయలే.

ఆ ఏడే నా మోకాలు ఆమెకన్న ముందు ముసలిదైంది.
తాడు బిగుసుకునుడు మొదలైంది,
లాగుతున్నది నేను కాదు.
ఇద్దరికి తెలుసు. ఎవ్వరం అనలే.
మూడో దినం, నీళ్ళ సీసా మూత తిప్పుకుంట, ఆమెనే అన్నది:
"యాకయ్యా, నువ్వు బరువైతున్నవ్."

పరకాల నుంచి కొత్త పిలగాడొచ్చిండు.
తాడు ఇద్దామని పోతే
"వానికి రబ్బరుది ఉన్నది, అది నీ కాడనే ఉండని."

ఇప్పుడు ఇద్దరు తొక్కే సైకిలు, ఎన్కసీటు ఆమెది.
ముందటాయన రోడ్డు చూస్తడు,
ఎక్కుడు వస్తే తొడలు మండేది ఆమెవి.
నేను కాజీపేట బ్రిడ్జి కాడ ఆటో నడుపుత.
తాడు హ్యాండిలుకు కట్టిన, చెమటకు నల్లబడ్డది.
తెల్లారగట్ల గొలుసు సప్పుడు వినపడంగనే
అద్దం తిప్పుకుంట.

నేను పిలవను. ఆమెనే అరుస్తది,
"సైలెన్సరు చేయించుకో యాకయ్యా,
ఊరంత లేస్తున్నది!"
అనుకుంటనే బ్రిడ్జి దిగిపోతది.

మెకానిక్కు ఆరునూర్లు అడిగిండు.
పైసలున్నయి.
చేయించలే ఇంక.